ఎదురెదురుగా నడచిన రెండు వ్రాతలు



మా యింట నొక పాత సందుగ గలదు. అందులో మా తాతనాటి పట్టా కాగితములు, శిస్తు రసీదులు, ఒక కౌలుపత్రము, రెండు మూడు కోర్టు కాగితములు ఉన్నవి. కొన్నిటిపై తెలుగు, కొన్నిటిపై ఉర్దూ, కొన్నిటిపై రెండును గలవు. రెండును గల కాగితమును చూచినప్పుడెల్ల ఇరుకుబాటలో రెండు ఎడ్లబండ్లు ఎదురుపడినట్లు నాకు తోచును. తెలుగు ఎడమయంచున బయలుదేరి కుడికి పోవును. ఉర్దూ కుడియంచున బయలుదేరి ఎడమకు వచ్చును. అవి రెండును ఒకే కాగితముమీద ఎట్లు నడచెనో, ఎక్కడ ఢీకొనెనో, దానివలన మాబోటి వారి పొలములకు ఏమి జరిగెనో ఈ సాయంకాలము మీతో ముచ్చటింప దలచితిని.

మాది దేవరకొండ కోటకు ఆమడ దూరమున నున్న మెట్టపొలముల పల్లె. మా తాత చదువురానివాడు కాడు. తెలుగు చక్కగా చదువును. రాత్రులయందు అరుగుమీద భాగవతము చదివి నలుగురికి అర్థము చెప్పెడివాడు. అట్టివాడు తహశీలు కచేరీనుండి కాగితము వచ్చినదన్న చేతులు వణకుచు దానిని ఇటు త్రిప్పి అటు త్రిప్పి, మొహరు ఎచ్చట నున్నదో చూచి, ఏది తలక్రిందో ఏది మీదో నిర్ణయించుకొనెడివాడు. చదువుకొన్నవాడు చదువురానివాడుగా మారుట మా యింట నేను కన్నులార చూచితిని. అందుకు కారణము ఆయన బుద్ధిలో లేదు, ఆ వ్రాత నడచు దిక్కులో, దాని లిపిలో ఉన్నది.

ఈ ఎదురువ్రాత మన దేశమునకు తురుష్కులతో వచ్చినదని కొందరు తలంతురు. అది నిజము కాదు. అంతకు వేయి యేండ్లకు పైగా ముందే ఇది మన సీమలో కనబడుచున్నది. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలమీద అశోకుని శాసనములు గలవు. క్రీస్తు పూర్వము 3వ శతాబ్దమునాటివి. వానిలోని చిన్న శాసనమును చెక్కినవాడు చిత్రమైన పని చేసెను. మొదటి పంక్తిని ఎడమనుండి కుడికి చెక్కి, రెండవ పంక్తిని కుడినుండి ఎడమకు చెక్కెను. ఇట్లు కొన్ని పంక్తులు మామూలు దిక్కునను కొన్ని ఎదురు దిక్కునను సాగినవి. సాలు చివర ఎడ్లను మరలించి ప్రక్క సాలు దున్నుకొని వచ్చినట్లే యున్నది. యవన దేశమున పూర్వము ఇట్టి వ్రాత యుండెడిది. వారును దానికి ఎద్దు మరలుట యను అర్థము వచ్చు పేరే పెట్టిరి. ఎఱ్ఱగుడి శిల్పి ఎందుల కట్లు చెక్కెనో ఆయనయే చెప్పవలెను. బండ పెద్దది, ప్రతిసారి మొదటి యంచునకు నడచి పోవుటకు విసుగు పుట్టినదేమో యని నాబోటి సోమరికి తోచును.

రాయదుర్గమునకు అవతల, కన్నడసీమలో చిత్రదుర్గము జిల్లాయందు, బ్రహ్మగిరి శాసనమున్నది. అదియు అశోకునిదే. దానిని వ్రాసిన లేఖకుని పేరు చపడుడు. అతడు శాసనమంతయు బ్రాహ్మీలిపిలో ఎడమనుండి కుడికి వ్రాసి, చివర తన పేరు చెప్పుకొని, తాను లేఖకుడనను ఒక్క మాటను మాత్రము ఖరోష్ఠీ లిపిలో వ్రాసెను. ఖరోష్ఠి వాయవ్యమున గాంధార దేశపు వ్రాత. కుడినుండి ఎడమకు నడచును. ఒకే వాక్యములో రెండు దిక్కులు! అతడు ఆ దేశమునందు పని నేర్చినవాడో, లేక తనకు రెండు వ్రాతలును వచ్చునని చూపదలచెనో. కచేరీలలో పని చేసినవారికి ఈ రెండవ ఊహ అంత వింతగా తోచదు. మన బ్రాహ్మినుండియే కాలక్రమమున తెలుగు, కన్నడ లిపులు పుట్టినవి. ఖరోష్ఠి నశించినది.

ఇక గోలకొండ కాలమునకు వత్తము. దేవరకొండను రేచర్ల పద్మనాయకులు ఏలిన దినములు గడచి, ఈ సీమ తరువాత కుతుబ్‌షాహీల పాలనలోనికి వచ్చెను. వారి కొలువుభాష ఫారసీ. అయినను పల్లెలలోని లెక్కలు కరణముల చేతులలో తెలుగుననే యుండెను. ఫారసీ తెలియని పల్లెకు ఫారసీ ఫర్మానా పంపిన ఏమి లాభము? అందుచేత ఆ ప్రభువులు ఒకే కాగితముమీద మీద ఫారసీని, క్రింద తెలుగును వ్రాయించిరి. మన కవులు మల్కిభరాముడని పిలిచిన ఇబ్రహీం కుతుబ్‌షా 1550 మొదలు 1580 వరకు ఏలెను. తెలుగు కవులను ఆదరించిన ప్రభువు. ఆయన వంశము వారి కడపటి కాలమునకు సంగతి ఇంకను తారుమారైనది. ఆజ్ఞ ముఖ్యముగా తెలుగుననే వ్రాసి, కాగితము వెనుక వైపున ఫారసీలో సంగ్రహము మాత్రము వ్రాసిన పత్రములు కనబడుచున్నవి.

ఈ పద్ధతిలోని తెలివిని గమనింపుడు. రెండు వ్రాతలను ఒకే పంక్తిలో పెట్టలేదు. ఒకటి మీద, ఒకటి క్రింద. లేదా ఒకటి ముందు, ఒకటి వెనుక. ఎవరి దిక్కున వారు సుఖముగా నడచిరి. ఒకరి బాట నొకరు దాటలేదు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన తరువాత ఫర్మానాలలో తెలుగునకు ఆ మర్యాద నిలువలేదు.

ఆసఫ్‌జాహీల కాలమునను చిరకాలము ఫారసీయే కచేరీభాష. మొదటి సాలార్‌జంగు 1883లో గతించువరకు ఆ స్థానము చెదరలేదు. ఆయన కుమారుడు రెండవ సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున, 1884 మొదలుకొని, ఫారసీ స్థానమున ఉర్దూ వచ్చెను. భాష మారినను వ్రాత నడచు దిక్కు మారలేదు. పల్లెలో పట్వారీ తెలుగున లెక్క వ్రాయును. తాలూకాకు పోవునప్పటికి అది ఉర్దూ యగును. అచ్చటనుండి హుకుము ఉర్దూలో తిరిగి వచ్చును. పట్వారీ దానిని తెలుగున చదివి వినిపించును. ఆయన చదివినదే ఆజ్ఞ. కాగితములో ఏమి యున్నదో ఆయనకును దేవునికిని ఎఱుక. మంచి పట్వారీలు లేకపోలేదు. కాని మంచివాడో చెడ్డవాడో పరీక్షించు సాధనము రైతు చేతిలో లేదు. అదియే అప్పటి బాధ.

1317 ఫసలీలో, అనగా 1907లో, హైదరాబాదు భూమిశిస్తు చట్టము వచ్చెను. ఫసలీ సంవత్సరమునకు 590 కలిపిన మన కిప్పుడు పరిచితమైన సంవత్సరము వచ్చునని మీలో పెద్దవారికి చెప్ప నక్కరలేదు. సేత్వారు, పహాణీ, వసూలుబాకీ, ఫైసల్‌పట్టీ, ఇవన్నియు గళ్ళు గీసిన పట్టికలు. ఈ పట్టికల సంగతి జ్ఞాపకముంచుకొనుడు. మరల దానికే వత్తును.

1931లో మా దేవరకొండలో రెండవ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగెను. మొదటిది అంతకు ముందటి యేడు జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగినది. దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావుగారు అధ్యక్షులు. ఆయన తెలుగువారి భాష కొరకు పాటుపడిన వారు. అదే సమయమున ఫారసీ, ఉర్దూలలో గొప్ప విద్వాంసులు. తరువాత 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైరి. తెలుగును నిలుపవలె నన్నవారు ఉర్దూను ద్వేషించినవారని యనుకొనువారికి ఆయనను చూపవలెను. రెండు దిక్కులను చదువగల అట్టివారు ఆనాడు మా తాలూకాలో ప్రతి పల్లెకు ఒక్కరున్నను మా తాత చేతులు వణకి యుండెడివి కావు.

అయితే ఏమియు రాని రైతుకును ఆ కాగితములో ఒక కిటికీ యుండెను. అది అంకెలు. అంకెలు పుట్టినది మన దేశమున. అరబ్బులు వానిని మననుండి గ్రహించి నేటికిని హిందీ అంకెలనియే పిలుతురు. వారు వానిని తీసికొనిపోయినప్పుడు రూపము మార్చిరి గాని వరుస మార్చలేదు. మనము 245 అని వ్రాసిన రెండు వందలు ఎడమను, అయిదు కుడిని ఉండును. ఉర్దూ వ్రాయువాడును అట్లే వ్రాయును. అక్షరములు కుడినుండి ఎడమకు వచ్చుచుండగా, సంఖ్య తగిలినప్పుడు మాత్రము కలము ఎడమకు దుమికి, అచ్చటనుండి కుడికి అంకెలు వేసి, మరల ఎడమకు దుమికి తన త్రోవను పోవును. ఏటికి ఎదురీదుచు పోవువాడు నడుమ ఒక నిముసము వాలున కొట్టుకొనిపోయినట్లు. పదియే రూపములు నేర్చుకొన్న తెలుగురైతు ఉర్దూ రసీదులో తన సర్వే నంబరును తానే పట్టుకొనగలడు. మా తాత ఇట్లే నేర్చుకొనెను. గోడమీద బొగ్గుతో ఆ అంకెలను వ్రాసి క్రింద తెలుగు అంకెలు వేసికొనిన గుర్తు నా చిన్నతనమున ఇంకను చెరగిపోలేదు.

ఆ కిటికీని కూడ కొన్నిచోట్ల మూసి యుంచిరి. రొక్కపు లెక్కలలో మామూలు అంకెలకు బదులు రకము లను వేరొక గుర్తులు వేసెడివారు. అవి అరబ్బీ సంఖ్యా పదములను కుదించి ముడివేసిన గీతలు. దిద్దుటకు వీలుండదు, దొంగలెక్క వేయుట కష్టము అని మున్షీలు చెప్పుదురు. నిజమే కావచ్చును. రైతు చదువుటకును అంతే కష్టము.

ఇప్పుడు పట్టికల సంగతి.

తెలుగు పట్టికలో మొదటి గడి ఎడమను ఉండును. ఉర్దూ పట్టికలో మొదటి గడి కుడిని ఉండును. పంక్తి మాత్రమే కాదు, పుటయంతయు అద్దములో చూచినట్లు తిరిగియుండును. తెలుగు పుస్తకము ముగియు అట్టకడ ఉర్దూ పుస్తకము మొదలగును. ఒకే అట్టలో రెండు భాషల పుస్తకమును కుట్టించిన, రెండు వైపులను ముఖపత్రములే. ముగింపులు రెండును నడుమ కలిసికొనును. ఈ సంగతి తెలిసినవానికి తమాషాగా నుండును. తెలియక నకలు వ్రాసినవాని చేతిలో ఏమగునో మా యింటి కథ చెప్పెదను.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినది. 1954-55లో ఖాస్రా పహాణీ వ్రాసిరి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1966లో తెలుగు అధికారభాషగా చట్టము వచ్చెను. చట్టము ఒక దినమున వచ్చును. బీరువాలలోని కాగితములు ఒక దినమున మారవు. పాత సేత్వారులు, అనేక గ్రామముల ఖాస్రా పహాణీలు ఉర్దూలోనే యుండెను. వానినుండి తెలుగు నకళ్ళు తీయవలసి వచ్చెను. ఉర్దూ తెలిసిన పాత గుమాస్తాలు ఒక్కొక్కరుగా ఉద్యోగము చాలించుకొనుచుండిరి.

1968లో మా నాయన బావి త్రవ్వుటకు అప్పు కావలెనని పొలము నకలు కొరకు దరఖాస్తు పెట్టెను. ఏ కచేరీయో చెప్పను. నకలు వచ్చెను. నాకు అప్పుడు ఇరువదియేండ్ల ప్రాయము. నేనే చదివి వినిపించితిని. సర్వే నంబరు సరిగా నున్నది. మా నాయన పేరు, తాత పేరు సరిగా నున్నవి. హద్దులు సరి. వైశాల్యము మాత్రము 3 ఎకరముల 12 గుంటలు. మా నాయన మరల చదువుమనెను. మరల చదివితిని. అదే. ఆయన మాటలాడక లేచి దొడ్డిలోనికి పోయెను. మా పొలము 12 ఎకరముల 3 గుంటలు. లెక్క చూచితిని. ఎకరమునకు 40 గుంటలు గదా. 8 ఎకరముల 31 గుంటలు ఎవరును దున్నుకొనకయే, ఎవరును అమ్మకయే మాయమైనవి.

మా పల్లెలో ఎవరో పగబట్టి చేయించిరని మొదట అనుకొంటిమి. రెండు ఇండ్ల నడుమ మాటలు కూడ తెగినవి. తుదకు దేవరకొండలో పిల్లలకు ఉర్దూ చెప్పి విశ్రాంతి తీసికొనుచున్న ఒక మౌల్వీగారి కడకు మా నాయన పాత కాగితమును, క్రొత్త నకలును పట్టుకొని పోయెను. నేనును వెంట పోతిని. ఆయన రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచి నవ్వెను.

“పటేలా, దీన్ల ఎవ్వని దగా లేదు. మా రాతల ఎకరం ఖానా కుడిపక్క ఉంటది, గుంట ఖానా ఎడమపక్క. అంకెలు తెలిసినోడు అంకెలు చూసిండు, ఖానా పేరు చూడలేదు. మా ఇంట్లకు దొడ్డిదారిన వచ్చిండు.”

“మరి తప్పు ఎవరిది, మౌల్వీసాబ్?” అని మా నాయన యడిగెను.

“పాత కాగితం ఒప్పే. కొత్త కాగితంల అంకెలు ఒప్పే. నడుమ వాకిట్ల తప్పు పడ్డది,” అని ఆయన పెన్నుతో పాత కాగితపు నకలుమీద ఒక్కొక్క గడిక్రింద ఎకర, గుంట అని తెలుగులో వ్రాసి యిచ్చెను.

జరిగిన దేమనగా: ఉర్దూ పట్టికలో కుడిని 12, దానికి ఎడమను 3 ఉండెను. నకలు వ్రాసినవాడు అంకెలు నేర్చినవాడు. గడుల పైని మాటలు చదువలేనివాడు. కంటికి కనబడిన వరుసను ఎడమనుండి చూచి 3, 12 అని తెలుగు గడులలో వేసెను. అంకె ఒక్కటియు తప్పలేదు. అక్షరము ఒక్కటియు తప్పలేదు.

మా యూరిలో మఱికొందరి నకళ్ళును అట్లే వచ్చినవని తరువాత తెలిసినది. ఏడెకరముల ఏడు గుంటలు గల యొక పొరుగువానికి మాత్రము ఏ చిక్కును రాలేదు. ఎటు త్రిప్పినను ఏడేడే గదా. రెండెకరముల ముప్పది గుంటలు గల యింకొకనికి ముప్పది ఎకరముల రెండు గుంటలు వచ్చినవి. అతడు చాల దినములు ఎవరికిని చెప్పలేదు. మాది దిద్దించుటకు పదకొండు నెలలు పట్టెను. పన్నెండెకరములకు శిస్తు కట్టిన పాత రసీదులు ఉండుటవలన దావా వరకు పోలేదు. అప్పు అందువేళకు ఎండకాలము దాటిపోయి, బావి మఱుసటి యేడు గాని పడలేదు. మాటలు తెగిన ఆ రెండు ఇండ్లు మరల కలియుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టెను.

అచ్చుపనిలోను ఈ రెండు వ్రాతలు వేరువేరు దారులనే పోయినవి. తెలుగు అక్షరములను సీసముతో పోతపోసి పేర్చిరి. ఉర్దూవారు ప్రీతితో వ్రాయు నస్తాలీఖు వ్రాత మెట్లు దిగుచున్నట్లు కుడిమీదినుండి ఎడమక్రిందికి వాలుచు వచ్చును. సీసపు ముక్కలలో ఒదుగదు. అందుచేత కాతిబులు చేతితో వ్రాసి రాతిమీద దింపి అచ్చువేసెడివారు. ఒకే పుటలో తెలుగును ఉర్దూను అచ్చువేయుట రెండు విద్యలను ఒక్కచోట కూర్చుట. 1918లో వచ్చిన హైదరాబాదు నోట్లమీద ఉర్దూతోపాటు తెలుగు, కన్నడ, మరాఠీ, ఇంగ్లీషులును ఉండెను. అవి వేరువేరు చోట్ల నిలిచిన పొట్టి మాటలు. పొట్టి మాటలకు దిక్కుతో పేచీ లేదు. వాక్యము నడువ మొదలిడినప్పుడే పేచీ.

ఈ పేచీని ఇప్పుడు కంప్యూటరు తీర్చవలసి వచ్చినది. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికిని రెండవ అధికారభాషగా జేసినది. కచేరీల వెబ్‌సైటులలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పుటలు కావలసినవి. నా మనవడు పట్నములో అట్టి పుటలు తయారుచేయు పనిలో నున్నాడు. వాడు నాకు చెప్పిన దానిని మీకు తెలియు మాటలలో చెప్పెదను.

యూనికోడు అను పద్ధతి మొదటిసారి 1991లో వెలువడెను. అందులో తెలుగునకును, ఉర్దూ వ్రాయు అరబ్బీ లిపికిని, ఇంకను అనేక లిపులకును ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్య నిచ్చిరి. అక్షరములను యంత్రము కంటికి కనబడు వరుసలో దాచదు. నోట పలుకు వరుసలో దాచును. మొదట పలికినది మొదట, తరువాత పలికినది తరువాత. తెర మీద చూపునప్పుడు మాత్రము, ఇది తెలుగు అక్షరము గనుక కుడికి నడుపవలెను, ఇది ఉర్దూ అక్షరము గనుక ఎడమకు నడుపవలెను అని నిర్ణయించుకొనును. అక్షరములు గట్టి స్వభావము గలవి. తమ దిక్కును తామే చెప్పును. అంకెలు మెత్తనివి. చుక్క, గీత, కుండలీకరణము వంటి గుర్తులకు సొంత దిక్కు లేదు. ప్రక్కవారు ఎటు పోయిన అటు పోవును. కుండలీకరణముల విషయమున ఇంకొక చమత్కారము. యంత్రము దాచుకొనునది వంకర గీత ఆకారము కాదు, ఇది తెరచునది, ఇది మూయునది అనునంతే. ఉర్దూ పంక్తిలో దానిని తానే త్రిప్పి చూపును.

పుటను కూడ త్రిప్పవలెను. తెలుగు పుటలో ఎడమనున్న పట్టిక ఉర్దూ పుటలో కుడికి పోవలెను. తరువాతి పుటకు పొమ్మను బాణము తెలుగులో కుడికి చూపును, ఉర్దూలో ఎడమకు చూపవలెను. అన్నిటిని త్రిప్పరాదు, గడియారపు ముల్లు ఏ భాషలోనైనను ఒకే వైపు తిరుగును. 1997నాటి హెచ్‌టీఎంఎల్ నాల్గవ కూర్పు మొదలు పుట దిక్కును చెప్పుటకు ఒక మాట యున్నది. ఆ మాట పెట్టిన చాలుననుకొని వదలివేసినచోట చిక్కులు వచ్చునని మా వాడు చెప్పెను.

నేను వానికి మా బావి కథ చెప్పితిని. వాడు విని, ఒక్క నిముసము మాటలాడక, తన యంత్రములో ఒక ఉర్దూ వాక్యము కొట్టి, నడుమ మన కచేరీలలో వ్రాయునట్లు 12-03 అని కొట్టెను. పన్నెండెకరముల మూడు గుంటలు. తెరమీద ఏమి కనబడెనో ఊహింపుడు. 03-12.

“తాతా, మళ్లా పోయింది నీ పొలం,” అని నవ్వెను. నాకు నవ్వు రాలేదు.

కారణము వాడే వివరించెను. ఉర్దూ అక్షరముల వెనుక వచ్చిన అంకెలను యంత్రము ఉర్దూవారి యంకెలుగా నెంచును. 12 లోపల ఒకటి రెండుల వరుస చెడదు. కాని నడుమనున్న అడ్డగీత దిక్కులేనిది గనుక పంక్తితోపాటు ఎడమకు తిరుగును. దానితో రెండు సంఖ్యలును స్థానములు మార్చుకొనును. అదే గీతకు బదులు చుక్క పెట్టి 12.03 అని కొట్టిన కదలదు. సర్వే నంబరులో వ్రాయు ఏటవాలు గీతయు అట్లే. 245/2 స్థిరముగా నిలిచెను. అడ్డగీత ఒక్కటియే మోసము చేయును. ఇంటి నంబరులు 5-12 అని వ్రాయుదుము గదా. అదియు ఉర్దూ పంక్తిలో 12-5గా కనబడును. 1954-55 అనునది 55-1954 అగును.

అప్పుడు నాకు మౌల్వీగారి మాట జ్ఞాపకము వచ్చెను. ఆయన బ్రతికియుండి ఆ తెరను చూచిన తప్పనడు. కుడినుండి చదువువానికి మొదట 12, తరువాత 03. పన్నెండెకరముల మూడు గుంటలే. ఆయన యింటిలో అది ఒప్పు. దానిని చూచి తెలుగు పుటలోనికి ఎక్కించువాడు ఎడమనుండి చదివినప్పుడే పొలము పోవును. యంత్రము తన నియమమును తప్పలేదు. 1968లో నకలు వ్రాసినవాడును అంకె తప్పలేదు.

దీనికి మందున్నది. 2013లో యూనికోడు వారు కంటికి కనబడని జంట గుర్తులను చేర్చిరి. ఒకదానిని సంఖ్యకు ముందు, ఒకదానిని వెనుక పెట్టిన, నడుమనున్నది చుట్టుప్రక్కల పంక్తి గాలి సోకక తన దిక్కున తాను నిలుచును. పొలమునకు గట్టు వేసినట్లే. పట్టికలోని ప్రతి సంఖ్యకు ఆ గట్టు వేయవలెను. వేయుట మరచినను ఎవరికిని వెంటనే తెలియదు, ఏలయన కనబడనిది లేకపోయినను కనబడదు గదా. కావున మా వాడు ఇంకొక పని కూడ చేయుచున్నాడు. వైశాల్యమును ఒకే గడిలో గీతతో వ్రాయక, ఎకరములకు ఒక గడి, గుంటలకు ఒక గడి పెట్టి, అంకె ప్రక్కనే ఆ భాషలో ఎకర, గుంట అను మాటలను చేర్చుచున్నాడు. ఇది యెవరు నేర్పిరిరా అని యడిగితిని. ఎవరును నేర్పలేదని చెప్పెను. నేను సందుగ తెరచి, మౌల్వీగారు గడులక్రింద తెలుగున ఆ రెండు మాటలను వ్రాసి యిచ్చిన కాగితమును తీసి వాని చేతిలో పెట్టితిని. సిరా వెలిసినది గాని మాటలు చక్కగా చదువ వచ్చుచున్నవి. వాడు దానిని ఫోనుతో ఫొటో తీసికొని పట్నమునకు పోయెను.